పాత అమెరికన్ మజిల్ కార్లు : చక్రం, టైరు కొలతల నిర్ణయం

‘మజిల్ కారు’ అన్న మాటను ‘కండగల కారు’ అని తెలుగు చేసుకోవచ్చును. మధ్యతరహా శరీరం గల కారులో, పెద్ద కారుకు ఉద్దేశింపబడిన ఎనిమిది సిలిండర్ల బలమైన ఇంజనును అమర్చి, యువకులకు అందుబాటులో ఉండే ధరకు అమ్మడమే ఈ జాతి కార్ల పుట్టుకలోని రహస్యం. 1964లో పాంటియాక్ సంస్థ వెలువరించిన జీటీఓతో ఈ యుగం ఆరంభమైనదని సాధారణంగా చెబుతారు. దానిలోని ఇంజను పరిమాణం 389 ఘనపు అంగుళాలు. బలం 325 అశ్వశక్తి. ఆ తరువాత షెవర్లే వారి షెవెల్, డాడ్జ్ వారి ఛార్జర్, ప్లిమత్ వారి రోడ్‌రన్నర్ మొదలైనవి ఒకదానితో ఒకటి పోటీపడి వచ్చాయి. ఆకారంలో కొంచెం చిన్నవైన ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారోలను వేరే తెగగా లెక్కించేవారు ఉన్నా, అభిమానులు వాటినీ ఈ పంక్తిలోనే కూర్చోబెడతారు. 1970 నాటికి షెవెల్ ఎస్.ఎస్. 454లో లభించిన ఎల్.ఎస్.6 ఇంజను 450 అశ్వశక్తి గలదని సంస్థ ప్రకటించింది. పిమ్మట భీమా రుసుములు పెరగటం, 1970 నాటి వాయు పరిశుభ్రతా చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం – ఇవన్నీ కలిసి ఆ యుగానికి తెరదించాయి.

ఇక్కడ ఒక విచిత్రం గమనించవలసి ఉంది. 450 అశ్వశక్తి గల ఆ షెవెల్‌కు సంస్థ ఇచ్చినవి 14 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు గల చక్రాలు. వాటి మీద ‘ఎఫ్70-14’ అనే టైర్లు. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు మన అరచేతి కంటె కొంచెం పెద్దది మాత్రమే. అంత బలమూ, అంత బరువూ, అంత వేగమూ ఆ నాలుగు అరచేతుల మీదుగానే భూమికి చేరాలి. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా వాటి మీదనే ఆధారం. కనుక ఈ కార్లను పునరుద్ధరించి నడిపేవారికి చక్రం, టైరు ఎంపిక అలంకారానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది.

తెలుగు బోధించే వ్యక్తికి ఈ ప్రసంగంతో పని ఏమిటని విద్యార్థులు సందేహించవచ్చును. నాతోపాటు ఇంటర్మీడియట్ చదివిన మిత్రుడొకడు ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పరిసరాల్లో, మోటారు పరిశ్రమలో ఇంజనీరుగా ఉన్నాడు. మన తెలుగువారు ఆ ప్రాంతంలో ఆ పరిశ్రమను ఆశ్రయించి చాలాకాలంగా స్థిరపడి ఉన్న విషయం విదితమే. ఆయన ఒక 1970 షెవెల్‌ను కొన్నాడు. భార్యాబిడ్డలు వెనుక సీటులో కూర్చున్నప్పుడు, కారు చిన్న గతుకు దాటినా వెనుక చక్రం వద్ద రాచుకున్న శబ్దం, ఆపై కాలిన రబ్బరు వాసన. అంతకు పూర్వపు యజమాని తన అభిరుచి కొద్దీ వెడల్పాటి టైర్లు వేయించి ఉన్నాడట. మిత్రుడు ఆ టైరు ఫోటో పంపి, “ఏం భాయ్, తెలుగు పంతులువి గదా, ఈ శాసనం కూడా చదివి పెట్టు” అని పరిహాసమాడాడు. పరిహాసానికి అన్నా ఆ మాటలో నిజముంది. టైరు పార్శ్వం మీద ముద్రించిన అక్షరాలు, అంకెలు నిజంగా శాసనలిపి వంటివే. కాలక్రమంలో మూడు లిపులు మారాయి. పాత కారు యజమానికి ఆ మూడూ చదవటం రావాలి.

మొదటిది కేవలం సంఖ్యాలిపి. 1964 జీటీఓకు ‘7.50-14’ టైర్లు వచ్చాయి. అంటే టైరు వెడల్పు దాదాపు ఏడున్నర అంగుళాలు, అది కూర్చునే చక్రం వ్యాసం 14 అంగుళాలు. ఈ లిపి మనకు కొత్త కాదు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ కారు టైరు ‘5.90-15’ కూడా ఇదే పద్ధతిలో రాయబడినదే. ఈ లిపిలో లోపమేమంటే, టైరు ఎత్తు ఎంతో అది పైకి చెప్పదు. ఆ రోజుల్లో టైర్లన్నీ దాదాపు వెడల్పుకు తగినంత ఎత్తు గలవే కనుక చెప్పవలసిన అవసరమూ రాలేదు.

1960ల చివరి భాగంలో వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ గల టైర్లు రాగానే రెండవ లిపి అవసరమైంది. షెవెల్ టైరు మీది ‘ఎఫ్70-14’ ఈ లిపిలోనిదే. ఇందులో 14 చక్రపు వ్యాసం. 70 అనగా టైరు ఎత్తు దాని వెడల్పులో 70 శాతం అని. ఇక ‘ఎఫ్’ అనే అక్షరం విషయంలోనే చాలామంది పొరబడుతూ ఉంటారు. అది వెడల్పును తెలిపేది కాదు. టైరు మోయగల బరువు తరగతిని తెలిపేది. ‘ఇ’ కంటె ‘ఎఫ్’, ‘ఎఫ్’ కంటె ‘జి’ ఎక్కువ బరువు మోస్తాయి. కనుక ఎఫ్70-14, ఎఫ్60-15 అనే రెండింటికీ మొదటి అక్షరం ఒకటే అయినా వాటి వెడల్పులు ఒకటి కావు. బరువు తరగతి మాత్రం ఒకటే.

మూడవది 1970ల రెండో భాగంలో వచ్చి నేటికీ నడుస్తున్న లిపి. ఉదాహరణకు 225/70ఆర్14. వెడల్పు 225 మిల్లీమీటర్లు, ఎత్తు దానిలో 70 శాతం, ‘ఆర్’ అనగా రేడియల్ నిర్మాణం, చక్రం వ్యాసం 14 అంగుళాలు. మిల్లీమీటరు, శాతం, అంగుళం – మూడు భాషలు ఒకే పదంలో కలిసిన ఈ పద్ధతిని చూస్తే నాకు మణిప్రవాళ శైలి గుర్తుకు వస్తుంది. అయితే దీనితో ఒక గొప్ప సౌకర్యం ఉంది. టైరును చూడకుండానే, కాగితం మీద దాని మొత్తం ఎత్తును లెక్కకట్టవచ్చును.

ఆ లెక్క చేసి చూద్దాం. 225లో 70 శాతం 157.5 మి.మీ. చక్రానికి పైన ఒకసారి, కింద ఒకసారి ఈ ఎత్తు వస్తుంది కనుక రెట్టింపు చేస్తే 315. చక్రం వ్యాసం 14 అంగుళాలను 25.4తో హెచ్చవేస్తే 355.6. రెండూ కలిపితే 670.6 మి.మీ.; అంటే 26.4 అంగుళాలు. ఇదే విధంగా 215/70ఆర్14 ఎత్తు 25.85 అంగుళాలు వస్తుంది. పాత ఎఫ్70-14కు బదులుగా టైర్ల అంగళ్ల పట్టికల్లో కొందరు మొదటిదాన్ని, కొందరు రెండవదాన్ని చూపుతారు. దీన్ని బట్టి ఒక సంగతి సుస్పష్టం. పాత లిపి నుండి కొత్త లిపిలోకి మార్చటం అనువాదం వంటిది. భావం వస్తుంది గాని అక్షరం అక్షరం రాదు. ఎఫ్60-15కు 235/60ఆర్15 గాని, 245/60ఆర్15 గాని చెబుతారు. వీటి ఎత్తులు వరుసగా 26.1, 26.6 అంగుళాలు. తొలినాటి వి-8 మస్టాంగ్‌కు వచ్చిన 6.95-14కు 195/75ఆర్14 సాధారణంగా సరిపోతుంది, ఎత్తు 25.5 అంగుళాలు. పట్టికలను మార్గదర్శకంగా వాడుకోవలసినదే. తుది తీర్పు మాత్రం కారుకే వదిలిపెట్టాలి.

ఎత్తుకు ఇంత ప్రాధాన్యం దేనికి? కారు వేగాన్ని చూపే స్పీడోమీటరు నేల మీద జరిగిన దూరాన్ని కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో గేరుపెట్టె ద్వారా లెక్కించి చూపుతుంది. చక్రం పెద్దదైతే ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ముల్లు మాత్రం పాత లెక్కనే చెబుతుంది. మిత్రుని కారుకు మొదట తగిన ఎత్తు సుమారు 26.4 అంగుళాలు అనుకుందాం. వెనుకటి యజమాని వేయించిన 275/60ఆర్15 ఎత్తు 28 అంగుళాలు. భేదం 6 శాతం. ముల్లు గంటకు 60 మైళ్లు చూపుతున్నప్పుడు కారు నిజంగా 63.6 మైళ్ల వేగంతో పోతున్నదన్నమాట.

ఇంజను మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. మైళ్ల వేగాన్ని వెనుక ఇరుసులోని పళ్లచక్రాల నిష్పత్తితో హెచ్చవేసి, దాన్ని 336తో హెచ్చవేసి, టైరు ఎత్తును అంగుళాలలో తీసుకొని భాగిస్తే, నేరు గేరులో ఇంజను నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య వస్తుంది. ఇరుసు నిష్పత్తి 3.31 అయితే, 60 మైళ్ల వేగంలో 26.4 అంగుళాల టైరుతో ఇంజను సుమారు 2,530 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల టైరుతో 2,380 మాత్రమే. దూరప్రయాణానికి ఇది హాయిగానే ఉంటుంది గాని, నిలిచి ఉన్న కారు ముందుకు దూకే చురుకుదనం తగ్గుతుంది. కండగల కారు కొనుక్కొని దాని కండను చేజేతులా కరిగించుకోవటం ఏమి వివేకమో నాకు అర్థం కాదు.

టైరు ఇంతవరకు. ఇక చక్రం. అసలు చిక్కంతా ఇక్కడనే ఉంది.

మన టైరు దుకాణాల్లో ‘రిమ్ము’ అని, ‘డిస్కు’ అని పిలిచే ఈ వస్తువుకు మనం పైకి చూసే కొలతలు రెండు : వ్యాసం, వెడల్పు. 14×7 అంటే టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 14 అంగుళాలు, ఆ రెండు అంచుల మధ్య వెడల్పు 7 అంగుళాలు. పెదవులతో సహా కొలిస్తే మొత్తం వెడల్పు ఇంకొక అంగుళం దాకా ఎక్కువే ఉంటుంది. ప్రతి టైరుకూ తగిన రిమ్ము వెడల్పు హద్దులను దాని తయారీదారులు ప్రకటిస్తారు. 225/70ఆర్14కు సాధారణంగా 6 నుండి 7½ అంగుళాల వరకు రిమ్ము కావాలి. కనుక షెవెల్ వారి 7 అంగుళాల రిమ్ముకు ఇది సరిగ్గా ఒప్పుతుంది. తొలి మస్టాంగ్‌ల 5 అంగుళాల రిమ్ముకు ఎక్కిస్తే, ఎక్కుతుంది గాని, టైరు నడుం దగ్గర ఉబ్బి, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది. రిమ్ము అర అంగుళం మారితే టైరు నడుం వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుందని గుర్తుంచుకోవటం మంచిది. పట్టికలోని 225 అనే అంకె ఒకానొక రిమ్ము మీద కొలిచినది మాత్రమే.

తరువాతది బోల్టుల వృత్తం. ఐదు బోల్టుల కేంద్రాల గుండా ఒక వృత్తం గీస్తే, దాని వ్యాసాన్ని కొలతగా చెబుతారు. షెవెల్, కమారో, జీటీఓలకు ఇది 4¾ అంగుళాలు, అనగా 120.65 మి.మీ. వి-8 మస్టాంగ్‌కు, ఛార్జర్‌కు 4½ అంగుళాలు, అనగా 114.3 మి.మీ. ఆరు సిలిండర్ల తొలి మస్టాంగ్‌కు నాలుగే బోల్టులు. క్రైస్లర్ కుటుంబంలోని చిన్న కార్లు డాడ్జ్ డార్ట్, తొలి బారకూడాలకు ఐదు బోల్టులున్నా వృత్తం 4 అంగుళాలే. ఐదు బోల్టుల వృత్తాన్ని నేరుగా కొలవటం కష్టం. ఎందుకంటే ఏ బోల్టుకూ ఎదురుగా మరొక బోల్టు ఉండదు. పక్కపక్కనున్న రెండు బోల్టుల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో హెచ్చవేస్తే వృత్తవ్యాసం తెలుస్తుంది. ఆ దూరం 4¾ వృత్తానికి 2.79 అంగుళాలు, 4½ వృత్తానికి 2.65 అంగుళాలు. భేదం నాలుగు మిల్లీమీటర్ల లోపే. కంటికి ఆనదు. అందువల్లనే ప్రమాదం. ఐరోపా కార్లలో వాడుకలో ఉన్న 120 మి.మీ. వృత్తపు చక్రాలు షెవర్లే మీద ఎక్కినట్లే ఉంటాయి. నట్టు మాత్రం రంధ్రంలో నడిమికి కూర్చోక ఒక ప్రక్కకు ఒరుగుతుంది. నడుస్తూ నడుస్తూ వదులై, చివరకు బోల్టు తెగిపోవచ్చు. ఆ రోజుల్లో ఒకే చక్రాన్ని పలు కార్లకు అమ్మడం కోసం గుండ్రని రంధ్రాలకు బదులు పొడవాటి రంధ్రాలు గల చక్రాలను చేశారు. వాటికి తగిన ప్రత్యేకమైన వాషర్లు ఉంటేనే అవి క్షేమం; పాత సామాను సంతలో చక్రాలు దొరికినప్పుడు ఆ వాషర్లు తోడుగా దొరకటం అరుదు.

నట్టుల విషయంలో కూడా ఒక మాట. షెవర్లే బోల్టు మందం 7/16 అంగుళం, ఫోర్డ్, క్రైస్లర్‌లది ½ అంగుళం. నట్టు రంధ్రంలోకి కూర్చునే ఆకారం శంఖువు వలె ఉన్నదా, గొట్టం వలె ఉన్నదా అనేది చక్రాన్ని బట్టి మారుతుంది. క్రైస్లర్ వారు 1970 దాకా చాలా కార్లకు ఎడమ ప్రక్క చక్రాల బోల్టులకు మర తిరగేసి పెట్టేవారు. ముందుకు తిరిగే చక్రం నట్టును వదులు చేయకుండా ఉండాలని వారి ఉద్దేశం. మన హైదరాబాదు మెకానిక్ షెడ్లలో ‘ఉల్టా చూడీ’ అంటారే, అదే ఇది. బోల్టు కొసన ‘ఎల్’ అక్షరం చెక్కి ఉంటుంది. దాన్ని గమనించకుండా పానాతో బలం కొద్దీ తిప్పి బోల్టును విరిచినవారు ఎందరో!

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన, అన్నిటికంటె తక్కువమంది గమనించే కొలతకు వస్తున్నాము. దాన్ని ‘బ్యాక్‌స్పేసింగ్’ అంటారు. చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనుక అంచుల మీద ఒక తిన్నని బద్దను అడ్డంగా ఉంచి, ఆ బద్ద నుండి చక్రం ఇరుసుకు ఆనుకునే ముఖం దాకా లోతును కొలిస్తే వచ్చే అంకె అది. చక్రంలో ఎంత భాగం కారు లోపలి వైపుకు పోతుందో, ఎంత భాగం బయటికి పొడుచుకు వస్తుందో నిర్ణయించేది ఇదే. మొత్తం వెడల్పులో సగం కంటె ఇది ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పే అంకెను ‘ఆఫ్‌సెట్’ అంటారు. ఒకే వెడల్పు గల రెండు చక్రాలు, ఒకే టైరు, ఒకే కారు. బ్యాక్‌స్పేసింగ్ మారితే ఒకటి చక్కగా ఒదుగుతుంది, మరొకటి మడ్‌గార్డును కోస్తుంది.

మిత్రుని కారులో జరిగినది సరిగ్గా ఇదే. వెనుకటి యజమాని వేయించిన చక్రం 15×8, బ్యాక్‌స్పేసింగ్ 3¾ అంగుళాలు. పెదవులతో సహా మొత్తం వెడల్పు 9 అంగుళాలు కనుక అందులో సగం 4½. అంటే చక్రం నడిమి గీత, ఇరుసు ముఖం నుండి ముప్పావు అంగుళం బయటికి జరిగి ఉంది. 275 మి.మీ. టైరు అంటే సుమారు 10.8 అంగుళాలు, సగం 5.4. దానికి ఈ ముప్పావు కలిపితే టైరు బయటి వైపుకు 6.15 అంగుళాలు వచ్చింది, లోపలికి 4.65 మాత్రమే. కారు ఖాళీగా ఉన్నప్పుడు మడ్‌గార్డు పెదవికీ టైరుకూ వెంట్రుకవాసి సందు ఉండేది. వెనుక సీటులో మనుషులు కూర్చోగానే కారు కిందికి దిగి, ఆ ఇనుప పెదవి టైరు పార్శ్వాన్ని కోయసాగింది. టైరులో బలహీనమైన చోటు పార్శ్వమే. పెద్ద రహదారి మీద వేగంతో పోతున్నప్పుడు అది పగిలి ఉంటే ఏమి జరిగి ఉండేదో చెప్పనక్కర లేదు. అదే సమయంలో లోపలి వైపున అంగుళానికి పైగా చోటు వృథాగా పడి ఉంది!

దీనికి కొందరు మడ్‌గార్డు పెదవిని మడిచివేయమని, మరికొందరు వెనుక స్ప్రింగులకు దిమ్మలు పెట్టి కారును లేపమని సలహా ఇచ్చారట. రోగం ఒకటైతే మందు మరొకటి. ఆయన చక్రాలు విప్పి, ఇరుసు ముఖం నుండి బయటి పెదవి దాకా, లోపలి గోడ దాకా రెండు ప్రక్కలా కొలిచాడు. రెండు ప్రక్కలా అనటంలో ఉద్దేశముంది. ఆనాటి కార్ల శరీరాలు కుడి ఎడమలు సమానంగా ఉండవు, పావు అంగుళం భేదం సాధారణం. ఇరుకైన ప్రక్కనే లెక్కలోకి తీసుకోవాలి. కొలిచిన మీదట 15×8 చక్రాన్నే, 4½ అంగుళాల బ్యాక్‌స్పేసింగుతో తెప్పించాడు. అప్పుడు చక్రం నడిమి గీత సరిగ్గా ఇరుసు ముఖం మీదికి వచ్చింది. టైరును 255/60ఆర్15కు తగ్గించాడు. అది వెడల్పు 10 అంగుళాలు కనుక రెండు వైపులా ఐదేసి అంగుళాలు. ఎత్తు 27 అంగుళాలు కనుక స్పీడోమీటరు తప్పు కూడా రెండున్నర శాతానికి తగ్గింది. రాపిడి శబ్దం ఆగిపోయింది.

ముందు చక్రాలకు ఈ పరీక్ష ఇంకా కఠినంగా ఉంటుంది. అవి తిరుగుతాయి గనుక స్టీరింగును ఈ కొస నుండి ఆ కొస దాకా తిప్పి, స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్న స్థితిలోనూ, పూర్తిగా వేలాడే స్థితిలోనూ చూడాలి. మడ్‌గార్డు ముందు మూల, వెనుక మూల, లోపల సస్పెన్షన్ భుజం, బ్రేకు – ఈ నాలుగు చోట్ల కనీసం అర అంగుళం సందు ఉంటేనే నిశ్చింత. డ్రమ్ము బ్రేకుల మీద చక్కగా కూర్చున్న చక్రం డిస్కు బ్రేకుల క్యాలిపరుకు తగిలి తిరగకపోవటం తరచుగా జరుగుతుంది. ముందు చక్రాన్ని బయటికి నెట్టేకొద్దీ స్టీరింగు బరువెక్కుతుంది, గతుకుల్లో చేతి నుండి లాక్కుంటుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది.

టైరు వెడల్పు పెరిగితే కారు శరీరమే దాని భారాన్ని మోయాలన్న సత్యాన్ని తయారీదారులు స్వయంగా అనుభవించారు. ఫోర్డ్ వారు 1969లో మస్టాంగ్ బాస్ 302కు 15×7 చక్రాలు, ఎఫ్60-15 టైర్లు పెట్టినప్పుడు, ముందు మడ్‌గార్డు అంచులను సవరించవలసి వచ్చింది. ముందు సస్పెన్షన్ భారాన్ని మోసే టవర్లను బలపరచవలసి వచ్చింది. టైరు నేలను గట్టిగా పట్టుకుంటే మలుపులోని లాగుడంతా ఆ ఇనుప రేకు మీదికి పోతుంది మరి. కర్మాగారమే ఇంత ఆలోచించి చేసిన పనిని, మనం ఒక మధ్యాహ్నం పూట పానా పట్టుకొని చేయబూనటం సాహసమే.

రేడియల్ టైర్ల విషయం కూడా ఇటువంటిదే. మజిల్ కార్ల కాలంలో అమెరికాలో అధికంగా ఉన్నవి దారపు పొరలు ఒకదానికొకటి ఐమూలగా పరచిన ‘బయాస్’ టైర్లు. పొరలు అడ్డంగా పరచి, పైన ఉక్కు పట్టీ చుట్టిన రేడియల్ టైరుకు ఫ్రాన్సులోని మిషెలిన్ సంస్థ 1946లోనే హక్కుపత్రం పొందినా, అమెరికన్ కారులో అది ప్రామాణికంగా వచ్చినది 1970 లింకన్ కాంటినెంటల్ మార్క్ 3లో. నేడు పాత కార్లను నడిపేవారు చాలామంది రేడియల్‌కే మొగ్గు చూపుతారు. అది సబబే; నేలను పట్టుకోవటంలో, తడి రోడ్డు మీద నిలదొక్కుకోవటంలో వాటికి వీటికి పోలిక లేదు. ప్రదర్శనలకు మాత్రమే తీసుకుపోయే కారుకు ఆనాటి రూపంలోనే తిరిగి చేస్తున్న బయాస్ టైర్లు దొరుకుతాయి. అయితే రెండు జాతులనూ ఒకే కారులో కలపరాదు. ఒక కొస ఒక విధంగా, మరొక కొస వేరొక విధంగా జారితే మలుపులో కారును అదుపు చేయటం అసాధ్యమవుతుంది. రేడియల్ వేసినప్పుడు చక్రాల వాలు కొలతలైన క్యాంబరు, క్యాస్టరులను కూడా సరిచేయించాలి. పాత పుస్తకంలోని అంకెలు బయాస్ టైర్ల కోసం రాసినవి. పుస్తకంలోని గాలి ఒత్తిడి అంకెలకు కూడా ఇదే వర్తిస్తుంది.

పాత ఉక్కు చక్రం మీద రేడియల్ వేస్తే మలుపుల్లో చక్రం ఎక్కువగా వంగి, దాని మీది అలంకారపు మూత ఊడిపడటం కద్దు. 1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలోని ప్రసిద్ధమైన వెంబడింపు దృశ్యంలో ఛార్జర్ కారు నాలుగు చక్రాలకు గాను నాలుగు కంటె ఎక్కువ మూతలను పారవేసుకుంటుంది గాని, అది టైర్ల మహిమ కాదు, ఒకే దృశ్యాన్ని పలుమార్లు అతికించిన ఎడిటర్ మహిమ.

ఇటీవల కొందరు 17, 18 అంగుళాల చక్రాలకు మారుతున్నారు. పెద్ద డిస్కు బ్రేకులు అమర్చుకొన్నవారికి అది అవసరం కూడాను. మొత్తం ఎత్తు మారకుండా చూసుకుంటే ఇందులో దోషం లేదు. 245/45ఆర్17 ఎత్తు 25.7 అంగుళాలు, పాత 215/70ఆర్14 కు ఇంచుమించు సమానమే. ఆ పొట్టి రబ్బరు, ఆ పెద్ద ఇనుము 1970 నాటి శరీరానికి నప్పుతుందా అంటే, నా కంటికి మాత్రం నప్పదు. టైరు పార్శ్వం మీద తెల్లని అక్షరాలు కనిపించేంత చోటు ఉంటేనే అది ఆ కాలపు కారు.

కొలతలన్నీ కుదిరినా చూడవలసినది ఇంకొకటి ఉంది. ఈ కార్లు ఏడాదికి ఏ కొన్ని వందల మైళ్లో తిరిగి, మిగిలిన కాలమంతా షెడ్డులో నిద్రిస్తాయి. టైరు చారలు అరగవు. కొత్తదాని వలెనే కనిపిస్తుంది. లోపల రబ్బరు మాత్రం వయసు మీరి పెళుసవుతుంది. పార్శ్వం మీద ‘డాట్’ అనే అక్షరాల వెంట వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలను చదవాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. 2000కు పూర్వపు టైర్ల మీద మూడు అంకెలే ఉంటాయి. అటువంటిది ఎంత అందంగా కనిపించినా దాని మీద ప్రయాణం చేయరాదు. ఐదారేళ్లు దాటిన టైరును ఏటేటా నిపుణునికి చూపించాలని, పదేళ్లు నిండినదాన్ని చారలు ఎంత లోతుగా ఉన్నా తీసివేయాలని టైర్ల సంస్థలు పెక్కు చెబుతున్నాయి. మిత్రుని కారులో వెనుకటి యజమాని వదిలిపోయిన విడి టైరు కూడా ఇటువంటిదేనని, తేదీ చదవటం వచ్చిన మీదట తేలింది.

కొత్త చక్రాలు బిగించినప్పుడు నట్టులను వరుసగా గుండ్రంగా కాక, నక్షత్రం గీసినట్లు ఒకటి విడిచి ఒకటి బిగించాలి. బిగుతును కొలిచే పానా వాడాలి. మొదటి 50 నుండి 100 మైళ్లు నడిచిన తరువాత ఆగి, మళ్లీ ఒకసారి ఆ బిగుతును చూసుకోవాలి. కొత్త అల్యూమినియం చక్రాలైతే ఈ పని తప్పనిసరి.